గోడ తీసేసిన మేస్త్రీలు

(మా ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాను, దగ్గులూ మైకు గొడవా మాత్రం తీసేశాను.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? సరే. కార్యదర్శి గారు బోర్డు మీద "మధ్యయుగాల యూరప్ కళా వైభవం" అని రాయించారు, అది చూస్తే నాకే టెన్షన్ వచ్చింది. నేను కళా విమర్శకుణ్ణి కాదండీ, ముప్పై ఏళ్ళు సివిల్ ఇంజనీరుగా స్లాబులు పోయించిన వాణ్ణి. అందుకని సైటు మీద నిలబడ్డ మనిషికి ఆ కట్టడాల్లో ఏం కనిపిస్తుందో అదే చెప్తాను. కళ గురించి చెప్పలేదేమని తర్వాత అడక్కండి, అది కూడా మధ్యలో ఎక్కడో వస్తుంది.

మెదక్ చర్చి చూసినవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. లోపల నిలబడి పైకి చూసినప్పుడు గమనించారా, అక్కడి కమానులు మన పాత బంగళాల్లోలా గుండ్రంగా ఉండవు, దణ్ణం పెట్టడానికి రెండు చేతులు జోడిస్తే వేళ్ళు పైకి మొనదేలినట్టు ఉంటాయి. ఇంకొకటి, ఆ రంగు అద్దాల కిటికీలు పగలు వెలిగిపోతాయి, చీకటి పడ్డాక లోపల నిలబడి చూస్తే నల్ల పలకల్లా ఉంటాయి. ఆ చర్చిని పాస్నెట్ అనే మిషనరీ కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి కట్టించాడు, 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున తెరిచారు. ఆ కమాను, ఆ అద్దం మెదక్‌కు ఇంగ్లండ్ నుంచి వచ్చాయి. ఇంగ్లండ్‌కు ఫ్రాన్స్ నుంచి వెళ్ళాయి. మెదక్‌లో పునాది తవ్వేనాటికే ఆ పద్ధతికి, గోథిక్ అంటారు దాన్ని, ఏడువందల డెబ్భై ఏళ్ళ వయసు.

ముందు ఒక చిన్న పని చేద్దాం. బాబూ, నీలం చొక్కా, నువ్వు రా. నీ పక్కనున్న అబ్బాయి కూడా. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, అరచేతులు ఆనించి, కాళ్ళు వెనక్కి జరుపుతూ ఒకరి మీద ఒకరు వాలండి. ఇంకా. ఇంకా... చూశారా, వీళ్ళ చేతులు బాగానే ఉన్నాయి, కాళ్ళు జారుతున్నాయి! గచ్చు నేల కదా. (నవ్వులు) కమాను అంటే ఇదే. పైనున్న బరువు కిందికి పోవడంతోపాటు పక్కలకు కూడా తంతుంది. ఇప్పుడు మీ ఇద్దరు వెళ్ళి వాళ్ళ మడమల వెనక మీ పాదాలు అడ్డం పెట్టండమ్మా. ఆగిపోయింది కదా. ఈ అడ్డం పెట్టిన పాదం గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో దానితో పని ఉంది. థాంక్స్ బాబూ, కూర్చోండి.

1100 ప్రాంతానికి ముందు యూరప్‌లో పెద్ద చర్చీల పరిస్థితి ఏమిటంటే, పైన చెక్క దూలాల కప్పు వేస్తే కొవ్వొత్తి అంటుకున్నా పిడుగు పడ్డా తగలబడేది, పోనీ రాతి కప్పు వేద్దామంటే గుండ్రటి కమాను పక్కలకు తన్నే తన్నుకు గోడలు ఆగాలి కాబట్టి గోడల్ని భయంకరమైన మందంతో కట్టేవాళ్ళు. అంత మందం గోడలో కిటికీ పెడితే గోడ బలం పోతుంది, అందుకని కిటికీలు చిన్నవి. లోపల పట్టపగలే గుహలా ఉండేది. గుండ్రటి కమానుతో ఇంకో తలనొప్పి, దాని వెడల్పులో సగమే దాని ఎత్తు, అది మారదు. వెడల్పు ఒకలా, పొడవు ఒకలా ఉన్న గదికి నాలుగు వైపులా గుండ్రటి కమానులు వేస్తే వాటి తలలు ఒక మట్టానికి రావు. మొనదేలిన కమానుకు ఆ బాధ లేదు. వెడల్పు ఎంతున్నా మొనను పైకి లాగి, కిందికి దించి ఎత్తు సరిపెట్టుకోవచ్చు. పైగా ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పక్కలకు తన్నడం తగ్గుతుంది, బరువు ఎక్కువగా కిందికే దిగుతుంది.

ఇది యూరప్ వాళ్ళే కనిపెట్టారని మాత్రం అనుకోకండి. కైరోలో 879లో పూర్తయిన ఇబ్న్ తూలూన్ మసీదు నిండా మొనదేలిన కమానులే. కప్పు కింద రాతి పక్కటెముకలు వేసి, వాటి మధ్య పలచటి రాయి పరచడం ఇంగ్లండ్‌లో డరమ్ కథీడ్రల్‌లో, అంటే బిషప్పు ఉండే పెద్ద చర్చిలో, 1093 తర్వాత చేశారు. ముక్కలన్నీ తలో చోట ఉన్నాయి. వాటన్నిటినీ ఒకచోటికి తెచ్చి, ఇక గోడ ఎందుకు అని అడిగినవాళ్ళు పారిస్ పక్కన సెన్-డెనీ అనే మఠంలో పనిచేసిన మేస్త్రీలు. వాళ్ళ పేర్లు లేవు. వాళ్ళతో పని చేయించిన మఠాధిపతి పేరు మాత్రం ఉంది, సుజే. ఉండక ఏమవుతుంది, తన పేరును గుడి నిండా చెక్కించుకున్నాడు, కిటికీలో తన బొమ్మ కూడా వేయించుకున్నాడు, ఇవన్నీ ఎంత కష్టపడి కట్టించాడో తనే కూర్చుని రాసుకున్నాడు. మనకు తెలిసిన రాజకీయ నాయకుల శిలాఫలకాలు ఇతని ముందు దిగదుడుపే. (నవ్వులు)

కానీ మనిషి గట్టివాడు. ఒక సంగతి చెప్తాను. కప్పుకు పొడవాటి దూలాలు కావాల్సొచ్చాయి. వడ్రంగులు, అడవి కాపలాదారులు అందరూ ఒకే మాట, ఈ చుట్టుపక్కల అంత మానులు లేవు స్వామీ, ఎప్పుడో నరికేశారని. సుజేకి రాత్రి ప్రార్థన అయ్యాక పడుకుంటే నిద్ర పట్టలేదు. తెల్లారి కొలతలు పట్టుకుని, వడ్రంగుల్ని వెంటబెట్టుకుని తనే అడవిలో పడ్డాడు. కాపలాదారులు నవ్వు ఆపుకున్నారట. ముళ్ళలో తిరిగి తిరిగి మధ్యాహ్నం దాటేసరికి పన్నెండు మానులు దొరికాయి, సరిగ్గా ఎన్ని కావాలో అన్ని. అతను దాన్ని దేవుడి మహిమ అని రాశాడు. నేనైతే ఓనరే సైటుకు వస్తే సామాను ఎలా దొరుకుతుందో నాకు తెలుసు అంటాను.

గర్భగుడి వైపు భాగం మూడేళ్ళ మూడు నెలల్లో లేపారు. 1144 జూన్ 11న రాజు, రాణి, బిషప్పులు అందరూ వచ్చి చూశారు. లోపల సన్నటి స్తంభాలు, వాటి వెనక అర్ధచంద్రాకారంలో చిన్న చిన్న గుళ్ళు, వాటి వెనక గోడ ఉండాల్సిన చోట కిటికీలే. వెలుతురు అడ్డూ ఆపూ లేకుండా లోపలికి వచ్చింది. మెరిసే వస్తువును చూసి మొద్దు మనసు కూడా సత్యం వైపు లేస్తుందని సుజే తలుపుల మీద రాయించాడు. ఇదంతా నచ్చనివాళ్ళూ ఉన్నారు, ఊరుకోలేదు కూడా. అదే కాలంలో బెర్నార్డ్ అనే పెద్ద సన్యాసి, చర్చి తన రాళ్ళకు బంగారం తొడిగి తన బిడ్డల్ని బట్టల్లేకుండా వదిలేస్తోందని ఇలాంటి ఆర్భాటాల్ని దులిపేశాడు. ఆ మాట కొట్టిపారేయదగింది కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. సైటులో రోజూ ఏం జరిగిందో రాసిపెట్టినవాళ్ళు ఆ కాలంలో చాలా తక్కువ. ఇంగ్లండ్‌లో కాంటర్బరీ మఠంలో జర్వేస్ అనే సన్యాసి రాశాడు. 1170లో అక్కడి ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను రాజు మనుషులు చర్చిలోనే నరికి చంపారు, అందుకని ఆ చోటికి యాత్రికులు తండోపతండాలుగా వస్తున్నారు. 1174 సెప్టెంబర్ 5న మఠం గేటు బయట మూడు గుడిసెలు అంటుకున్నాయి. గాలికి నిప్పురవ్వలు లేచి చర్చి కప్పు మీది సీసపు రేకుల సందుల్లోంచి దూరి కింద పుచ్చిన చెక్కల్లో పడ్డాయి. పైన రేకు, కింద రంగులేసిన చెక్క కప్పు, మధ్యలో నిప్పు. ఎవరికీ కనిపించలేదు. ఊళ్ళోవాళ్ళు గుడిసెల మంట ఆర్పేసి ఇళ్ళకు పోయారు. కాసేపటికి సీసం కరిగి కారడం మొదలయ్యాక గానీ చర్చి తగలబడుతోందని ఎవరికీ తెలియలేదు.

ఫ్రాన్సు నుంచి, ఇంగ్లండు నుంచి మేస్త్రీలను పిలిపించారు. మామూలే, ఒకడు రిపేరు చాలన్నాడు, ఇంకొకడు మొత్తం పడగొట్టకపోతే మీ ప్రాణాలకే ముప్పన్నాడు. వాళ్ళలో సాన్స్ ఊరి విలియం అనే ఫ్రెంచి మేస్త్రీని ఒప్పుకున్నారు. ఇతను చాలా రోజులు కాలిన స్తంభాలను పైనా కిందా లోపలా బయటా పరీక్షించాడు, కానీ ఎంత పడగొట్టాలో సన్యాసులకు వెంటనే చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్తే దిగులుతో చచ్చిపోతారని. వాళ్ళు కాస్త తేరుకున్నాక మెల్లమెల్లగా అసలు విషయం బయటపెట్టాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మాట మనకు తెలుసు. ఇల్లు కట్టించినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ విలియం ముఖం మీకు బాగా తెలుసు! (నవ్వులు) ఎనిమిదివందల యాభై ఏళ్ళ కిందటి కాంట్రాక్టరు, ఏమీ మారలేదు.

రాయి సముద్రం అవతల ఫ్రాన్సులోని కాన్ నుంచి ఓడల్లో వచ్చింది. ఓడల్లోకి ఎత్తడానికి, దించడానికి యంత్రాలు అతనే చేయించాడు. రాయి చెక్కేవాళ్ళకు ఏ రాయి ఏ ఆకారంలో కావాలో కొలత అచ్చులు కోసి ఇచ్చాడు. నాలుగేళ్ళు పని సాగింది, ఐదో ఏడు మొదట్లో, 1178లో, పెద్ద కప్పు తిప్పడానికి ఏర్పాట్లు చేస్తుంటే పరంజా మీద అతని కాళ్ళ కింది దూలాలు విరిగిపోయాయి. యాభై అడుగుల ఎత్తు నుంచి రాళ్ళతో చెక్కలతో సహా పడ్డాడు. ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు. మంచం మీద పడుకుని కొంతకాలం పని నడిపించాడు, కింద అతని మాటలు మోయడానికి ఒక కుర్ర సన్యాసిని పెడితే మిగతావాళ్ళకు కళ్ళు కుట్టాయని కూడా జర్వేస్ రాశాడు. ఎంతకీ లేవలేకపోయేసరికి పని వదిలేసి ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన మేస్త్రీ పేరు కూడా విలియమే, ఇంగ్లీషువాడు, పొట్టివాడట, పనిమంతుడట. 1184కు అతను పూర్తి చేశాడు.

పరంజా మీంచి మనిషి పడితే సైటులో ఏం జరుగుతుందో నేను చూశాను, దాని గురించి ఇక్కడ మాట్లాడను. కానీ ఆ నాలుగు పేజీలు చదివినప్పటి నుంచి ఏ కథీడ్రల్ ఫోటో చూసినా నాకు ముందు ఆ విరిగిన దూలాలే కనిపిస్తాయి.

ఇక అడ్డం పెట్టిన పాదం దగ్గరికి వద్దాం. గోడ తీసేసి కిటికీ పెట్టాం, బానే ఉంది, కప్పు తన్నే తన్నును ఎవరు ఆపాలి? గోడ లోపల దాచిన ఊతను బయటికి తీసుకొచ్చి, దూరంగా ఒక రాతి దిమ్మ కట్టి, అక్కడి నుంచి గాల్లోంచి ఒక సగం కమానును గోడ పైభాగానికి ఆనించారు. ఫ్లయింగ్ బట్రెస్ అంటారు దాన్ని. ఇందాక ఆ అమ్మాయిలు పెట్టిన పాదం అదే. పారిస్‌లోని నోట్ర్‌డామ్ కథీడ్రల్‌ను పక్కనుంచి చూస్తే సాలీడు కాళ్ళలా కనిపించేవి అవే. 2019 ఏప్రిల్ 15న నోట్ర్‌డామ్ తగలబడ్డప్పుడు పైనున్న ఓక్ చెక్క కప్పంతా పోయింది, కింద రాతి కప్పు మాత్రం కొన్నిచోట్ల తప్ప నిలబడింది. అసలు రాతి కప్పు వేసిందే అందుకు. ఆ తర్వాత ఇంజనీర్లు మొట్టమొదట చేసిన పనుల్లో ఒకటి ఏంటో తెలుసా, ఆ ఊతల కింద చెక్క సెంట్రింగ్ పెట్టడం. లోపల కప్పు తన్నడం తగ్గితే బయటి ఊత లోపలికి తోసేస్తుంది కదా మరి. 2024 డిసెంబర్‌లో మళ్ళీ తెరిచారు.

డబ్బు ఎక్కడిది అని ఎవరో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. వ్యవసాయం బాగుపడింది, ఊళ్ళు పెరిగాయి, బట్టల వ్యాపారం పెరిగింది. అమియేన్ అనే ఊరు నీలిరంగు ఆకు మీద బతికేది. వోడ్ అనే మొక్క ఆకుల్ని నూరి ఉండలు కట్టి ఎండబెట్టి అమ్మేవాళ్ళు. 1220లో మొదలైన అక్కడి కథీడ్రల్ బయటి గోడ మీద ఆ ఆకు వ్యాపారులిద్దరు మూట పక్కన నిలబడ్డ బొమ్మ ఇప్పటికీ ఉంది. తర్వాత కొన్ని శతాబ్దాలకు మన దేశపు నీలిమందు ఓడల్లో దిగేసరికి వాళ్ళ వ్యాపారం దెబ్బతింది, నీలిమందు వాడకూడదని అక్కడ నిషేధాలు కూడా పెట్టారు. అంతా భక్తితో ఇచ్చిన చందాలేనా అంటే, అన్నీ అవే అయితే గొడవలు ఎందుకవుతాయి? రీమ్స్‌లో, అంటే ఫ్రాన్సు రాజులకు పట్టాభిషేకం జరిగే చోట, 1233లో జనం తిరగబడితే చర్చి పెద్దలు ఊరొదిలి పారిపోయారు, పని ఆగిపోయింది.

మీలో కొందరికి ఇప్పటికే రామప్ప గుర్తొచ్చి ఉంటుంది. రామప్ప శాసనం 1213. రీమ్స్ మొదలైన రెండేళ్ళకు, అమియేన్‌కు ఏడేళ్ళ ముందు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మనవాళ్ళు కమాను జోలికి పోలేదు, స్తంభం మీద దూలం పెట్టారు, శిఖరం బరువు తగ్గించడానికి నీళ్ళ మీద తేలే ఇటుక వాడారు. వాళ్ళు ఎముకల మధ్య రాతి మందం తగ్గించి కప్పు బరువు తగ్గించుకున్నారు. బరువుతో ఇద్దరికీ ఒకే తగాదా. ఏది గొప్ప అని మాత్రం అడక్కండి, వాట్సాప్ గ్రూపులో చాలు ఆ యుద్ధం.

అద్దాల గురించి చెప్పకపోతే కార్యదర్శి గారు ఒప్పుకోరు. ఆ కాలపు పనివాడు రాసిపెట్టిన లెక్క ప్రకారం, బీచ్ అనే చెట్టు కాల్చిన బూడిద రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు కలిపి కరిగిస్తే గాజు. కోబాల్ట్ కలిస్తే నీలం, రాగితో ఎరుపు. ఎరుపు ఎంత చిక్కగా వచ్చేదంటే వెలుతురే దూరేది కాదు, అందుకని తెల్ల గాజు మీద పలచగా ఒక పొర ఎక్కించేవాళ్ళు. సున్నం పూసిన బల్ల మీద బొమ్మ గీసి, ఎర్రగా కాల్చిన ఇనప కడ్డీతో గాజు ముక్కల్ని పగలగొట్టి, ముఖాలూ మడతలూ నల్లరంగుతో వేసి బట్టీలో కాల్చి, సీసపు పట్టీలతో కలిపేవాళ్ళు. ఆ నల్లరంగును దేంతో కలపాలో తెలుసా? ద్రాక్ష సారాతో, లేకపోతే మూత్రంతో. దేవుడి ముఖమైనా సరే. పాత అద్దాలు అడుగున లావుగా ఉంటాయి, గాజు శతాబ్దాలుగా కిందికి కారింది అని మీరు విని ఉంటారు. అబద్ధం. ఆనాటి గాజు పలక ఎప్పుడూ ఒకే మందంగా వచ్చేది కాదు, అంతే.

ఈ అద్దాలను చూడాలంటే షార్త్ర. 1194 జూన్‌లో ఆ ఊరి చర్చి కాలిపోయింది. మేరీమాత చొక్కా అని వాళ్ళు నమ్మే గుడ్డ అందులో ఉండేది, అదీ పోయిందని ఊరంతా ఏడ్చింది. మూడో రోజున పూజారులు నేలమాళిగలోంచి దాన్ని క్షేమంగా బయటికి తెచ్చారు. ఇంకేం, కొత్త గుడి కావాలని ఆ తల్లే కోరుకుంది అన్నారు. ముప్పై ఏళ్ళు తిరక్కుండానే ప్రధాన కట్టడం లేచింది, కప్పు 37 మీటర్ల ఎత్తు, 176 కిటికీలు. కింది వరుసల్లో సాధువుల కథల పాదాల దగ్గర రొట్టెలు కాల్చేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, వడ్రంగులు, రాయి చెక్కేవాళ్ళు తమ పని చేసుకుంటూ కనిపిస్తారు. చదువు రానివాళ్ళకు ఇది బైబిల్ అని గైడ్లు చెప్తారు. నాకు నమ్మకం లేదు. ముప్పై మీటర్ల ఎత్తులో అరచేతంత బొమ్మల్ని బైనాక్యులర్ లేకుండా ఎవరు చదువుతారండీ? రైతు వచ్చి, తన ఇంట్లో ఎప్పుడూ చూడని నీలం నేల మీద పరుచుకుంటే దాని మీద నిలబడి నోరు తెరిచి ఉంటాడు. అది చాలు.

బయటి శిల్పాలు ఇప్పుడు బూడిద రంగులో గంభీరంగా ఉంటాయి గానీ అప్పట్లో వాటికి ఎరుపు, నీలం, పసుపు, బంగారు రంగులు పూసి ఉండేవి, మన గాలిగోపురాల్లాగే. ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. లాన్ అనే కొండమీది ఊళ్ళో కథీడ్రల్ టవర్ల పైనుంచి పదహారు రాతి ఎద్దులు కిందికి తొంగి చూస్తుంటాయి. కొండ పైకి రాయి మోసిన ఎద్దుల కోసమట. సాధువులతో సమానంగా ఎత్తు మీద ఎద్దు! విలార్ ద ఒనకూర్ అనే ఆయన పదమూడో శతాబ్దంలో ఊరూరా తిరిగి బొమ్మలు గీసుకున్న పుస్తకం మిగిలింది, అందులో ఆ టవరూ ఉంది, ఆ ఎద్దులూ ఉన్నాయి. ఎన్నో దేశాలు తిరిగాను గానీ ఇలాంటి టవర్ ఎక్కడా చూడలేదని పక్కన రాసుకున్నాడు.

చివరగా బోవే. వీళ్ళ దగ్గర కాగితం మీద లెక్కలు లేవు. తాడు, వృత్తలేఖిని, గుండు కట్టిన దారం, గురువు చెప్పిన మాట, పక్క ఊళ్ళో నిలబడిందా పడిందా అన్న సమాచారం, అంతే. పక్క ఊరు అమియేన్ వాళ్ళు 42 మీటర్లు లేపారు. బోవే వాళ్ళు 48 అన్నారు. 1272కు గర్భగుడి భాగం పూర్తయింది. పన్నెండేళ్ళు నిలబడింది. 1284లో కప్పు కూలిపోయింది. ఎందుకు కూలిందో ఇంజనీర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, స్తంభాల మధ్య దూరం అని కొందరు, గాలి అని కొందరు. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు తొందరపడి సెంట్రింగ్ తీయించిన ఒక పోర్టికో స్లాబు నా కళ్ళ ముందే కిందికి వంగింది, ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కాబట్టి బోవే వాళ్ళను చూసి నవ్వను.

స్తంభాల మధ్యలో కొత్త స్తంభాలు పెట్టి మళ్ళీ కప్పు వేశారు. తర్వాత యుద్ధాలు, ప్లేగు, డబ్బుల్లేవు. పదహారో శతాబ్దంలో మళ్ళీ కాస్త డబ్బు వచ్చింది. మిగతా సగం గుడి, అంటే జనం కూర్చునే పొడవాటి హాలు, కట్టాల్సింది పోయి నడిమధ్యన 153 మీటర్ల టవర్ లేపారు. 1569లో పూర్తయింది. 1573లో ఒక పండగ రోజున జనం ఊరేగింపుగా బయటికి వెళ్ళిన కాసేపటికి కూలిపోయింది. ఆ హాలు ఇక ఎప్పటికీ కట్టలేదు.

ఇప్పుడు అక్కడికి వెళ్తే లోపల చెక్క దూలాలు, ఇనప కడ్డీలు పెట్టి ఆ ఎత్తును పట్టి ఉంచారు. హాలు రావాల్సిన చోట పదో శతాబ్దపు పాత చర్చి ఒకటి ఉంది, చిన్నది, చెక్క కప్పుది, మందం గోడలది. కొత్త గుడి పూర్తవ్వగానే దాన్ని పడగొట్టాలని అనుకున్నారు. అది ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ప్రశ్నలుంటే అడగండి. కానీ ముందు టీ.